బయటి భోజనం: ఎంతవరకు అడగాలి?

తినే విషయంలో ఇస్లాం మనిషికి ఇచ్చిన స్వేచ్ఛ చాలా విశాలమైనది. భూమిలోని ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన వస్తువులన్నీ తినమని దివ్యఖుర్ఆన్ మానవులందరినీ ఉద్దేశించి చెబుతోంది (అల్ బఖరా - 168). నిషేధించినవి కొన్నే. చచ్చిన జంతువు, ప్రవహించే రక్తం, పంది మాంసం, అల్లాహ్ పేరు గాక ఇతరుల పేరు మీద కోసినది, మత్తు కలిగించేది. ఇవి వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఇంట్లో వండుకున్నంతకాలం ఈ లెక్క సులువుగానే సాగిపోతుంది. బియ్యం ఎక్కడివో, మాంసం ఎవరు కోశారో, పొయ్యి మీద ఏం పడిందో ఇంటి ఇల్లాలికి తెలుసు. ఇబ్బందంతా ఇంటి గడప దాటి, ఎవరో వండినది, ఏమేం వేశారో తెలియనిది తినవలసి వచ్చినప్పుడే మొదలవుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు ఇది ఇప్పుడు పుస్తకాల్లోని ప్రశ్న కాదు. చదువుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం బెంగళూరుకో, హైదరాబాదుకో వెళుతున్నారు. బెంగళూరు దగ్గర బిడదిలో 1999 నుంచి టయోటా కార్లు తయారవుతున్నాయి. మన రాష్ట్రంలోనే తడ దగ్గరి శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారం ప్రారంభమైంది. జపాను సంస్థలు వచ్చిన చోటికి జపాను మనుషులు వచ్చారు. వాళ్లు వచ్చిన నగరాలకు వాళ్ల వంట కూడా వచ్చింది. ఆఫీసులో తోటివాళ్లంతా కలిసి ఓ మధ్యాహ్నం జపాను భోజనశాలకు వెళదామంటారు. అక్కడ ‘ఉడోన్’ అనే పెద్ద గిన్నె ముందుకొస్తుంది. వేడి పులుసులో లావుపాటి నూడుల్స్. మన పిల్లవాడు చెంచా పట్టుకొని ఆలోచిస్తాడు. తినాలా, వద్దా? అడగాలా, అక్కర్లేదా? అడిగితే నవ్వుతారేమో, అడగకపోతే పాపమేమో!

ఈ ప్రశ్నకు ‘తిను’ అనో, ‘తినకు’ అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పేయవచ్చు. కానీ అలా చెప్పిన జవాబు ఆ ఒక్క గిన్నెకే పనికొస్తుంది. మరో ఊళ్లో మరో గిన్నె ఎదురైనప్పుడు పిల్లవాడు మళ్లీ మొదటికొస్తాడు. కాబట్టి అడగడం అనే పనికి ధర్మం పెట్టిన పద్ధతి ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

పరాయి వంట వేరు, నిషిద్ధ వంట వేరు

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. మనకు అలవాటు లేని వంట కాబట్టి అది హరాం అయి ఉంటుందని కొందరి అనుమానం. ఇది సరైన ఆలోచన కాదు. ఒకసారి దైవప్రవక్త (స) ముందు కాల్చిన ఉడుము మాంసం పెట్టారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. నిషిద్ధం కాదని, తమ వాళ్ల ప్రాంతంలో ఇది ఉండదు కాబట్టి తనకు మనసొప్పడం లేదని ఆయన చెప్పారు. హజ్రత్ ఖాలిద్ (రజి) దాన్ని తన వైపు లాక్కొని తిన్నారు. దైవప్రవక్త (స) చూస్తూ ఉన్నారే గాని వారించలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఈ సంఘటన ఉంది. మన నాలుకకు నచ్చకపోవడం ఒక విషయం, అల్లాహ్ నిషేధించడం వేరొక విషయం. తన అయిష్టాన్ని ఆయన ఇతరుల మీద చట్టంగా రుద్దలేదు.

ఉడోన్ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. ఆ నూడుల్స్ చేసేది గోధుమపిండి, ఉప్పు, నీళ్లతోనే. పిండిని బాగా పిసికి, కాసేపు నాననిచ్చి, మందంగా ఒత్తి, కత్తితో తీగలుగా కోస్తారు. రంజాన్ పండుగనాడు మన ఇళ్లలో షీర్ ఖుర్మాకు వాడే సేమియా కూడా గోధుమపిండి తీగలే కదా! ఉడోన్‌కు పేరుపొందిన కగావా ప్రాంతం మన పడమటి కర్నూలులాగే వాన తక్కువ నేల. అక్కడ చెరువుల్లో నీళ్లు నిలుపుకొని సాగు చేసుకునేవారు. వరికి నీళ్లు చాలక గోధుమను నమ్ముకున్నారు. మన పెద్దలు జొన్న రొట్టెను, కొర్రన్నాన్ని నమ్ముకున్నట్లే. అల్లాహ్ ఒక్కొక్క నేలకు ఒక్కొక్క ధాన్యం ఇచ్చాడు. ఆ ధాన్యాన్ని ఆ నేల మనుషులు తమ తెలివితో వంటగా మార్చుకున్నారు. మనం రోజూ తినే మిరపకాయ కూడా ఒకప్పుడు మరో ఖండం నుంచి ఓడల్లో వచ్చినదే. అది పరాయిదని మన పెద్దలు వదిలేయలేదు.

కాబట్టి ‘జపాను తిండి’ అన్న పేరు చూసి భయపడనక్కరలేదు. భయపడవలసింది, పరిశీలించవలసింది గిన్నెలోని పదార్థాలను.

గిన్నెలో ఏముంటుంది?

ఉడోన్ పులుసును సాధారణంగా ఎండిన చేప తురుము, కొంబు అనే సముద్రపు నాచు మరిగించి తీస్తారు. ఇందులో దోషమేమీ లేదు. రుచి కోసం దానిలో సోయా సాస్, ‘మిరిన్’ అనే తియ్యని ద్రవం కలుపుతారు. చిక్కు ఇక్కడుంది. అసలైన మిరిన్ బియ్యంతో చేసే ఒక రకం మద్యం. అందులో సుమారు 14 శాతం మత్తు పదార్థం (ఆల్కహాల్) ఉంటుంది. కొన్ని వంటల్లో ‘సాకె’ అనే బియ్యపు సారా కూడా పోస్తారు.

‘వేడికి అదంతా ఆవిరైపోతుంది కదా’ అని కొందరంటారు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం, మద్యం కలిపిన వంటను 15 నిమిషాలు ఉడికించిన తర్వాత కూడా అందులో సుమారు 40 శాతం ఆల్కహాల్ మిగులుతుంది. గంట ఉడికించినా 25 శాతం ఉంటుంది. అంతా పోతుందన్న మాట నిజం కాదు. ఒకవేళ పోయినా, మద్యాన్ని కొని, తెలిసి తెలిసి వంటలో పోయడమే విశ్వాసి చేయదగిన పని కాదు. ఏది ఎక్కువగా తీసుకుంటే మత్తెక్కుతుందో దానిని కొద్దిగా తీసుకోవడం కూడా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. మిరిన్ విషయంలో ఈ ప్రమాణం సూటిగా వర్తిస్తుంది.

మరి సోయా సాస్ సంగతి? సహజంగా పులియబెట్టి తీసే సోయా సాస్‌లో కూడా సుమారు 2 శాతం వరకు ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది. అయితే దాన్ని ఎవరూ మత్తు కోసం చేయరు, ఎవరూ మత్తు కోసం తాగరు. కారప్పొడిలా చుక్కలు చుక్కలుగా వాడుకునే ఉప్పటి పదార్థమది. ఇలాంటివాటిని ధర్మవేత్తలలో చాలామంది అనుమతించారు. పులిసిన పిండిలో, బాగా పండిన పండులో కూడా ఇలాంటి అంశం కొద్దిగా ఉండవచ్చు. వాటిని ఎవరూ మద్యం అనరు. సిర్కా (వినెగర్) కూడా పులిసిన రసంలోంచి వచ్చేదే. అయినా దైవప్రవక్త (స) దాన్ని మంచి నంజుడుగా మెచ్చుకున్నారు. పేరు చూసి కాదు, స్వభావం చూసి తీర్పు చెప్పాలన్నది ఇందులోని పాఠం.

ఇక గిన్నె పైన వేసే పదార్థాలు. కొన్ని చోట్ల పంది మాంసం వేస్తారు. దాని గురించి చర్చే లేదు. కోడి, పశు మాంసం అయితే ఎవరు, ఎలా కోశారన్న ప్రశ్న వస్తుంది. రొయ్యలను పిండిలో ముంచి వేయించి పెడతారు. రొయ్య చేపల్లోకి వస్తుందా రాదా అన్న విషయంలో హనఫీ పండితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఇతర ఫిఖ్హ్ మార్గాల వారికి అందులో అభ్యంతరం లేదు. కూరగాయలు వేయించినా, అదే నూనెలో అంతకుముందు ఏం వేయించారన్నది అడగవలసిన విషయమే.

ఇంత చెప్పడంలో ఉద్దేశం భయపెట్టడం కాదు. ఒకే గిన్నెలో సందేహమే లేని పదార్థం ఉంది, నిషిద్ధమైనది ఉండవచ్చు, పండితులు విభేదించినదీ ఉంది. మొత్తాన్ని ఒకే మాటతో కొట్టిపారేసేవాడు గాని, మొత్తాన్ని కళ్లు మూసుకొని మింగేవాడు గాని తన బుద్ధికి పని చెప్పడం లేదు.

గుహవాసుల వెండి నాణెం

దివ్యఖుర్ఆన్‌లో బయటి భోజనం గురించి ఒక అద్భుతమైన ప్రస్తావన ఉంది. అల్ కహఫ్ సూరాలో గుహవాసుల గాథ మనందరికీ తెలుసు. తమ విశ్వాసాన్ని కాపాడుకోవడానికి ఊరు వదిలి గుహలో దాక్కున్న యువకులు వాళ్లు. ఏళ్ల తరబడి నిద్రపోయి లేచారు. ఆకలి వేసింది. తమలో ఒకరికి వెండి నాణెం ఇచ్చి పట్టణానికి పంపారు. పంపుతూ ఏం చెప్పారు? ఎక్కడి ఆహారం ఎక్కువ పరిశుద్ధమైనదో చూసి తెమ్మన్నారు. మృదువుగా, జాగ్రత్తగా మసలుకోమన్నారు (అల్ కహఫ్ - 19).

ఆ యువకుల పరిస్థితి గమనించండి. ప్రాణభయం ఉంది. కడుపులో ఆకలి ఉంది. పట్టణమంతా తమ ధర్మానికి వ్యతిరేకులని వాళ్ల నమ్మకం. ‘ఏదో ఒకటి తీసుకురా, తర్వాత చూద్దాం’ అనడానికి ఇంతకంటే మంచి సాకు ఉంటుందా? అయినా పరిశుద్ధమైనదేదో చూడమన్నారు. అలాగని ఆ పట్టణంలోని ఆహారమంతా అపరిశుద్ధమని ఆకలితో కూర్చోలేదు. వెళ్లమన్నారు, వెతకమన్నారు, మృదువుగా ఉండమన్నారు.

పరాయి నగరంలో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకు ఈ మూడు మాటలు చాలు. వెళ్లు, వెతుకు, మృదువుగా ఉండు.

అడగడానికీ హద్దు ఉంది

‘అయితే ప్రతి మెతుకు గురించీ ఆరా తీయాలా?’ అన్న ప్రశ్న వస్తుంది. దీనికి హదీసుల్లోనే సమాధానం ఉంది. కొత్తగా ఇస్లాం స్వీకరించిన కొందరు పల్లెవాసులు మాంసం తెచ్చి ఇస్తున్నారు, కోసేటప్పుడు అల్లాహ్ పేరు తలచారో లేదో తెలియదు, ఏం చేయాలని కొందరు అడిగారు. మీరే అల్లాహ్ పేరు తలచి తినండని దైవప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా వచ్చిన ఈ హదీసు బుఖారీలో ఉంది. తెచ్చినవాళ్లు విశ్వాసులు. వాళ్ల మీద అనుమానం పెట్టుకోవడానికి ఆధారమేమీ లేదు. అలాంటప్పుడు గుచ్చి గుచ్చి అడగడం భక్తి అనిపించుకోదు.

హజ్రత్ ఉమర్ (రజి) ప్రయాణంలో జరిగిన ఒక విషయాన్ని ఇమాం మాలిక్ తన ముఅత్తాలో ఉల్లేఖించారు. దారిలో ఒక నీళ్ల తొట్టి దగ్గర ఆగారు. క్రూరమృగాలు ఇక్కడ నీళ్లు తాగుతాయా అని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) తొట్టి యజమానిని అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) వెంటనే కల్పించుకొని, ఆ సంగతి మాకు చెప్పవద్దని యజమానితో అన్నారు. పైకి శుభ్రంగా కనిపిస్తున్న నీళ్ల గురించి లేనిపోని సందేహం రేపుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఈ రెండు సంఘటనలను, హలాల్ స్పష్టం, హరాం స్పష్టం, ఈ రెంటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడని చెప్పే ప్రసిద్ధ హదీసునూ కలిపి చదవాలి. ఒకదాన్ని పట్టుకొని మరొకదాన్ని వదిలేస్తే తప్పుదారి పడతాం. సందేహానికి ఆధారం ఉన్నచోట అడగడం విధి. ఆధారం లేనిచోట ఆగిపోవడం కూడా ధర్మమే. మద్యం పోయడం ఆనవాయితీ అయిన వంటలో ‘మద్యం ఉందా’ అని అడగడానికి ఆధారముంది. మన వీధిలో తెలిసిన ముస్లిం ఇంట్లో పెట్టిన కూర ముందు కూర్చొని ‘కోడిని ఎవరు కోశారు’ అని అడగడానికి ఆధారం లేదు. అది ఇంటివాళ్ల మనసు నొప్పించడమే. అనవసరమైన అనుమానాలకు దూరంగా ఉండమని కూడా దివ్యఖుర్ఆన్ ఆజ్ఞాపిస్తోంది (అల్ హుజురాత్ - 12).

పండితులు విభేదించిన చోట

జపాను రుచికి సంబంధించిన ఒక సంఘటన ఇక్కడ చెప్పుకోవాలి. మన ఊళ్లలో నూడుల్స్ బండ్ల వాళ్లు కూడా ‘అజినొమోటో’ అంటారే, ఆ రుచిపొడి పుట్టిందీ జపానులోనే. కొంబు నాచు పులుసుకు అంత రుచి ఎక్కడి నుంచి వస్తోందని వెతికిన ఇకెదా అనే శాస్త్రవేత్త 1908లో దాన్ని కనుగొన్నారు. 2000 సంవత్సరం చివరలో ఇండోనేషియాలో ఈ పొడి మీద పెద్ద దుమారం లేచింది. తయారీలో సూక్ష్మజీవులను పెంచడానికి వాడిన ఒక పోషకాన్ని పంది నుంచి తీసిన ఎంజైముతో చేశారని బయటపడింది. తయారైన పొడిలో పంది అంశం లేదు. అయినా ఆ దేశపు ఉలమా మండలి దాన్ని హరాం అని ప్రకటించింది. 2001 జనవరిలో సరుకును దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. కొందరు కంపెనీ అధికారులను అదుపులోకి కూడా తీసుకున్నారు. అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ స్వయంగా ధార్మిక విద్వాంసుడు. చివరి పదార్థంలో పంది అంశం లేదు కాబట్టి అది హలాలేనని ఆయన అన్నారు. కంపెనీ ఆ పోషకాన్ని మార్చుకుంది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఉలమా మండలి లేవనెత్తిన ప్రశ్న అంత పెద్ద కంపెనీ చేత పద్ధతి మార్పించింది. కాబట్టి అడగడం వల్ల ఏం లాభమని ఎవరూ అనుకోరాదు. రెండోది, మనసా వాచా ధర్మాన్ని కోరుకునే పండితులే ఒక సూక్ష్మ విషయంలో రెండు వైపులా నిలబడ్డారు. అలాంటి విషయంలో మనకు నమ్మకమైన ఆలిమ్ చెప్పినట్లు మనం నడుచుకోవాలి. వేరే అభిప్రాయం మీద నడిచే సోదరుణ్ణి ‘హరాం తినేవాడు’ అని ముద్ర వేయకూడదు. ముద్ర వేసే నోరు, ముద్ద తినే నోరు రెండూ ఒకటే. రెంటికీ లెక్క ఉంటుంది.

అడిగే తీరు

ఎమ్మిగనూరు నుంచి వెళ్లి బెంగళూరులో పని చేస్తున్న ఒక యువకుడు తోటివాళ్లతో ఆ భోజనశాలకు వెళ్లాడనుకుందాం. అతను ఏం చేయాలి?

వీలైతే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. అక్కడికి వెళ్లాక వడ్డించే వ్యక్తిని పక్కకు పిలిచి, ‘భయ్యా, నేను ముస్లింను. ఈ పులుసులో మిరిన్ గాని సాకె గాని పోశారా? పోయకుండా చేయడానికి వీలవుతుందా? వేయించే నూనె వేరుగా ఉందా?’ అని నెమ్మదిగా అడగాలి. తెలియదంటే వంటవాణ్ణి అడిగి రమ్మనాలి. మంచి భోజనశాలల వాళ్లు ఇలాంటి ప్రశ్నలకు విసుక్కోరు. ఒంటికి పడనివి, వ్రతాల వల్ల తిననివి ఎందరో అడుగుతూనే ఉంటారు. వీలు కాదంటే ఉడికించిన ఉత్త నూడుల్స్, పచ్చి కూరగాయలు, పండ్ల రసం తీసుకొని కూర్చోవచ్చు. అదీ కుదరకపోతే, ‘నేను తర్వాత తింటాను, మీరు కానివ్వండి’ అని నవ్వుతూ చెప్పవచ్చు.

చేయకూడనివి కూడా ఉన్నాయి. తోటివాళ్ల పళ్లేలు చూసి ముఖం చిట్లించరాదు. ‘ఛీ, ఇదేం తిండి’ అనరాదు. దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదని, ఇష్టమైతే తిన్నారని, లేకపోతే వదిలేశారని హదీసులో ఉంది. మద్యం తిరిగే బల్ల దగ్గర కూర్చోరాదని కూడా ఆయన బోధించారు. కాబట్టి సీసాలు బల్ల మీదికి వచ్చే విందు అని ముందే తెలిస్తే, మర్యాదగా తప్పుకోవడమే మంచిది. మరో రోజు తోటివాళ్లను మనమే మంచి చోటికి తీసుకెళ్లి తినిపిస్తే స్నేహం తెగదు, పైగా పెరుగుతుంది.

ఇంటి దగ్గరి పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు ఫోన్‌లో ‘అమ్మీ, ఈ రోజు ఆఫీసు వాళ్లతో జపాను హోటలుకు వెళ్లాను’ అనగానే, ‘అక్కడికెందుకు పోయావు?’ అని కోప్పడితే, మరుసటిసారి వాడు వెళ్లడం మానడు, చెప్పడం మానేస్తాడు. ‘మంచిది బేటా, ఏం అడిగావు, ఏం తిన్నావు?’ అంటే వాడు వివరంగా చెబుతాడు. మనకూ తెలుస్తుంది, వాడికీ అడిగే అలవాటు నిలబడుతుంది.

మన ఊరి బండి దగ్గర

జపాను గిన్నె దూరంలో ఉంది, మనకెందుకనుకునేవారు సాయంత్రం తమ ఊరి బజారులోకి వెళ్లి చూడాలి. మన పిల్లలకు నూడుల్స్ అంటే బండి మీద పెద్ద మంట మీద ఎగరేసి ఇచ్చే ఎగ్ నూడుల్స్, చికెన్ నూడుల్సే. సోయా సాస్, సిర్కా, రుచిపొడి అన్నీ అక్కడా ఉన్నాయి. బెంగళూరులో మిరిన్ గురించి అడగమని కొడుక్కి చెప్పే తండ్రి, ఇక్కడ బండి మీది చికెన్ ఎక్కడి నుంచి వచ్చిందో, అదే నూనె ఎన్నిసార్లు కాగిందో ఎప్పుడైనా అడిగాడా? పరిశుద్ధం (తయ్యిబ్) అనే మాటలో ధర్మసమ్మతం కావడంతో పాటు ఆరోగ్యకరం కావడం కూడా ఉందని మరచిపోకూడదు.

దుకాణంలో కొనే పొట్లాల విషయంలోనూ ఒక మెలకువ అవసరం. ఆకుపచ్చ గుర్తు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. ఆ గుర్తు అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, మద్యం లేదని చెప్పదు. మాంసాహార గుర్తు ఏ జంతువో, ఎలా కోశారో చెప్పదు. కాబట్టి పొట్లం వెనక వైపు అక్షరాలు చదివే అలవాటు ఇంట్లో చదువుకున్న ఆడపిల్లలకు అప్పగించండి. మంచి పని కూడా అవుతుంది, విద్యకు గౌరవమూ దక్కుతుంది.

అబూబక్ర్ (రజి) అడిగిన ప్రశ్న

ఇంతవరకు గిన్నెలోని పదార్థం గురించి మాట్లాడుకున్నాం. ఇక అసలు విషయానికి వద్దాం.

హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి)కి ఒక సేవకుడు ఉండేవాడు. ఒకరోజు ఏదో ఆహారం తెచ్చి పెట్టాడు. ఆయన తిన్నారు. తర్వాత అది ఎలా వచ్చిందో ఆ సేవకుడు చెప్పాడు. అజ్ఞానకాలంలో తాను ఒకనికి జోస్యం చెప్పాడట. నిజానికి తనకు జోస్యం రాదు, అతణ్ణి మోసం చేశాడు. ఆ మనిషి ఇప్పుడు కనిపించి దాని ప్రతిఫలంగా ఇది ఇచ్చాడట. వినగానే హజ్రత్ అబూబక్ర్ (రజి) నోట్లో వేలు పెట్టుకొని కడుపులో ఉన్నదంతా కక్కేశారు. ఇది కూడా బుఖారీలోని హదీసే.

ఆ ఆహారంలో పంది లేదు, మద్యం లేదు. వస్తువుగా చూస్తే అందులో దోషమే లేదు. దోషం అది వచ్చిన దారిలో ఉంది. మోసంతో సంపాదించినది కాబట్టి ఆయన కడుపు దాన్ని ఉంచుకోలేదు.

దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో, చెదిరిన జుట్టుతో, సుదీర్ఘ ప్రయాణంలో చేతులెత్తి ప్రభువును వేడుకునే మనిషి గురించి దైవప్రవక్త (స) చెప్పారు. అతని తిండి, తాగేది, తొడిగేది నిషిద్ధ సంపాదన. ఇక అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ఆయన ప్రశ్నించారు. హలాల్ తిండి గురించి హదీసుల్లో వచ్చే గట్టి హెచ్చరికల్లో ఎక్కువ భాగం వంటపాత్రను గాక, సంపాదనను చూపిస్తున్నాయి.

మన ఊళ్ల వైపు చూసుకుందాం. ఆదోని పత్తి వ్యాపారానికి పేరున్న పట్టణం. రైతు బండెడు పత్తి తెస్తాడు. కాటా దగ్గర ముల్లు ఏ వైపు మొగ్గుతుందో, తేమ పేరిట, చెత్త పేరిట ఎంత కోత పడుతుందో చూసేవాడు అల్లాహ్ ఉన్నాడు. కొలతల్లో తక్కువ చేసేవారికి వినాశం ఉందని ఒక సూరా మొదట్లోనే హెచ్చరించాడు (అల్ ముతఫ్ఫిఫీన్ - 1, 2, 3). ఆ తక్కువ చేసిన కిలోల డబ్బుతో కొన్న మటన్ ఎంత ధర్మబద్ధంగా కోసినా, పళ్లెంలోకి వచ్చేసరికి ఏమవుతుంది?

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. దళారుల చేతుల్లో నలిగిన నేతగాళ్లకు నూలు, పని, తగిన కూలి దొరకాలని 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఆయన ముస్లిం కాదు. కానీ పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (స) బోధ తెలిసిన మనం, మన దగ్గర పనిచేసే వారికి వారం వారం ఠంచనుగా కూలి ఇస్తున్నామా? కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగళూరుకు కట్టడం పనులకు వలస వెళుతున్నాయి. వాళ్ల కూలిలో మేస్త్రీ వేసిన కోత ఎవరి గిన్నెలోకి వెళుతోంది?

ఇంకా దగ్గరికి రండి. తండ్రి పోయాక అక్కచెల్లెళ్లకు దివ్యఖుర్ఆన్ నిర్ణయించిన వాటా ఇవ్వకుండా, ‘పెళ్లికి ఖర్చు పెట్టాం కదా’ అని అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లు ఎన్ని లేవు? అనాథల సొమ్ము తినేవారు తమ కడుపుల్లో నిప్పులు నింపుకుంటున్నారని అల్లాహ్ సెలవిచ్చాడు (అన్నిసా - 10). పెళ్లిళ్ల సంగతి చూడండి. జోడా డబ్బు పేరుతో ఆడపిల్ల తండ్రి మెడ మీద కత్తి పెట్టి వసూలు చేస్తారు. ఆ తండ్రి వడ్డీకి తెచ్చి బిర్యానీ వండిస్తాడు. ఐదు వందల మంది కూర్చొని తృప్తిగా తింటారు. మాంసం మాత్రం నమ్మకమైన కసాయి దగ్గరిదే, బిస్మిల్లాహ్ చెప్పి కోసినదే! ఆ విందులో ఒక్కరైనా ‘ఈ భోజనం ఏ డబ్బుతో వచ్చింది?’ అని అడిగారా?

జపాను గిన్నెలో చెంచాడు మిరిన్ ఉందేమోనని చెయ్యి ఆపిన యువకుడు మంచిపనే చేశాడు. ఆ జాగ్రత్తను ఎవరూ చిన్నచూపు చూడవద్దు. ‘పెద్ద పాపాలు చేస్తూ ఇంత చిన్న విషయమా’ అని వెక్కిరించేవారు ధర్మానికి మేలు చేసేవారు కాదు. చిన్న విషయంలో మేలుకున్న మనసే పెద్ద విషయంలోనూ మేలుకోగలదు. కానీ అదే యువకుడు రేపు పెళ్లి మాటలప్పుడు పెద్దల పక్కన కూర్చుంటాడు. ‘అబ్బా, మనకు జోడా డబ్బు వద్దు. అది నా గొంతు దిగదు’ అని ఆ రోజు చెప్పగలిగితేనే, హోటల్లో అతను అడిగిన ప్రశ్నకు పూర్తి అర్థం వస్తుంది. చెప్పలేకపోతే అతను వంటకాన్ని పరీక్షించాడు గాని, తనను తాను పరీక్షించుకోలేదు.

నాలుగు ప్రశ్నలు

పాఠక సోదర సోదరీమణులారా! బయట తిన్నా, ఇంట్లో తిన్నా ముద్ద నోట్లో పెట్టుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకునే అలవాటు చేసుకుందాం. ఇందులో ఏముంది? ఇది ఏ డబ్బుతో వచ్చింది? ఇందులో ఎవరి హక్కయినా ఉందా? నేను తినగలిగినంతే పెట్టించుకున్నానా? తినండి, తాగండి, కానీ మితిమీరవద్దని ఆజ్ఞాపించిన ప్రభువు (అల్ ఆరాఫ్ - 31), గిన్నెలో వదిలేసిన సగం నూడుల్స్ గురించీ అడుగుతాడు.

మొదటి ప్రశ్న హోటల్ వాళ్లను అడగాలి. మిగతా మూడూ మనల్ని మనమే అడుక్కోవాలి. మొదటిది అడగడానికి కొంచెం ధైర్యం చాలు. మిగతావాటికి అల్లాహ్ భయం కావాలి.

గుహలోంచి వెండి నాణెం పట్టుకొని బయలుదేరిన ఆ యువకుడికి పరిశుద్ధమైనది వెతకాలన్న ధ్యాస ఉంది. చేతిలోని నాణెం కూడా అతని సొంతానిదే. మన పిల్లలు ఏ నగరంలో, ఏ బల్ల ముందు కూర్చున్నా అలాంటి ధ్యాసతో, అలాంటి నాణెంతో కూర్చునేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.